చవక గులక అక్వేరియానికి పనికొస్తుందా?

ప్రశ్న: మేము కొత్తగా 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గాజు అక్వేరియం తీసుకున్నాము. ఇప్పుడు చిన్న తొట్టెలో ఉన్న గప్పీలను ఇందులోకి మార్చి, తరువాత కొన్ని నియాన్ టెట్రాలను, కోరీడోరస్ చేపలను, నాలుగైదు మొక్కలను పెట్టాలని మా ఆలోచన. అడుగున పరచడానికి అక్వేరియం దుకాణంలో అమ్మే చిన్న చిన్న ప్యాకెట్లు ఎన్ని కొన్నా చాలేలా లేవు, ఖర్చు మాత్రం తొట్టె ధరను దాటిపోయేలా ఉంది. పక్కనే ఇల్లు కడుతున్నవారి దగ్గర సన్న కంకర ఉంది. తోట అలంకరణకు తెచ్చిన తెల్లటి పాలరాతి ముక్కలు కూడా మా ఇంట్లో ఒక సంచి ఉన్నాయి. వీటిలో ఏది వాడవచ్చు? ఎంత కావాలి, ఎలా కడగాలి? పాత తొట్టెలోని నీలిరంగు రాళ్ల నుంచి రంగు ఊడుతోంది, వాటిని ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగిన రెండింటిలో ఏదీ మీరు పెంచాలనుకుంటున్న చేపలకు సరిపోదు. పాలరాయి మీ నీటి స్వభావాన్ని మారుస్తుంది, కంకర మీ కోరీడోరస్‌ల మూతులను గాయపరుస్తుంది. అయితే అంతమాత్రాన ఖరీదైన ప్యాకెట్లే గతి అని కాదు. అడుగున పరిచే రాయి ఏ జాతిది, దాని గింజ ఎంత పరిమాణంలో ఉంది, అంచులు నున్నగా ఉన్నాయా లేదా అన్న మూడు విషయాలే చేపలకు ముఖ్యం. ఆ మూడూ సరిగ్గా ఉన్న చవక ఇసుక, అందమైన ప్యాకెట్‌లో వచ్చే గులకతో సమానంగా పనిచేస్తుంది. డబ్బు ఆదా చేయవలసింది ప్యాకింగ్ మీదే తప్ప, పరీక్షించడంలోనూ కడగడంలోనూ కాదు.

ముందుగా రాయి జాతి సంగతి చూద్దాం. అక్వేరియం అడుగున ఉన్న రాయి నీటితో రాత్రింబవళ్లు నెలల తరబడి కలిసి ఉంటుంది కనుక, అది నీటిలో కరుగుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. క్వార్ట్జ్, గ్రానైట్, బసాల్ట్ వంటి రాళ్లు ఆచరణలో కరగనట్టే లెక్క. సున్నపురాయి, పాలరాయి, పగడపు ముక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు మాత్రం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నీటిలో సహజంగానే కార్బన్ డయాక్సైడ్ కొంత కరిగి ఉంటుంది, దాని వల్ల ఏర్పడే బలహీనమైన ఆమ్లం ఈ రాళ్లను మెల్లగా తింటూ, కాల్షియాన్నీ బైకార్బొనేట్‌నూ నీటిలోకి వదులుతుంది. ఫలితంగా నీటి కాఠిన్యం పెరుగుతుంది, పీహెచ్ 8 దిశగా, అంటే క్షార గుణం వైపు, జరుగుతుంది. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలు పెంచేవారు ఈ గుణం కోసమే పగడపు ముక్కలను కోరి మరీ వేస్తారు, ఎందుకంటే ఆ సరస్సుల నీరు స్వతహాగా క్షార గుణం కలది. గప్పీలు కూడా కాఠిన్యం ఉన్న నీటిలో హాయిగానే ఉంటాయి. కానీ నియాన్ టెట్రా అమెజాన్ పరీవాహకంలోని మెత్తని, కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న నీటి చేప. మీ కొళాయి నీరు మధ్యస్థంగా ఉంటే గప్పీలూ నియాన్‌లూ రెండూ దానికి అలవాటు పడతాయి, ఆ మధ్యస్థాన్ని అడుగున ఉన్న పాలరాయి ఒక పక్కకు లాగేస్తే మాత్రం నష్టపోయేది నియాన్‌లే.

దీనిలో మరొక చిక్కు ఉంది, అది చాలామంది గమనించనిది. పాలరాయి ఉన్న తొట్టెలో కాఠిన్యం వారమంతా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది. వారాంతంలో మీరు కొంత నీరు తీసి కొత్త నీరు పోసినప్పుడు అది ఒక్కసారిగా పడిపోతుంది, మళ్లీ పెరగడం మొదలవుతుంది. చేపలు ఒక స్థాయికి అలవాటు పడడం కష్టమేమీ కాదు, ఇలా వారం వారం ఎక్కి దిగే నీటిని తట్టుకోవడమే వాటికి కష్టం. కాబట్టి నీరు కొళాయి నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండనిచ్చే రాయినే ఎంచుకోమని నా సలహా. ఆ తెల్లటి పాలరాతి ముక్కలను మొదట అనుకున్నట్టు తోటకే వదిలేయండి.

ఇక తెలియని రాయి ఏదైనా చేతికి వచ్చినప్పుడు అది సున్నపు జాతిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక గుప్పెడు రాళ్లను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాజు గ్లాసులో వేసి, అవి మునిగేలా వెనిగర్ పోయండి. గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఐదు నిమిషాలు ఓపికగా చూడండి. కాల్షియం కార్బొనేట్ ఉన్న రాయి మీద సన్నని బుడగలు పుట్టి, దారంలాగా వరుసకట్టి పైకి లేస్తూనే ఉంటాయి. అయితే పొడి రాయి సందుల్లో చిక్కుకున్న గాలి కూడా మొదట కొన్ని బుడగలుగా బయటికి వస్తుంది, దాన్ని చూసి మోసపోకూడదు. అందుకే పక్కనే మరో గ్లాసులో అవే రాళ్లను వేసి మామూలు నీళ్లు పోయండి. గాలి బుడగలైతే రెండు గ్లాసుల్లోనూ వచ్చి కాసేపటికి ఆగిపోతాయి, కార్బొనేట్ బుడగలు వెనిగర్ గ్లాసులోనే, ఆగకుండా వస్తాయి. ఒక్క రాయిని పరీక్షించి ఊరుకోవద్దు, గులకలో పలు జాతుల రాళ్లు కలిసి ఉండడం సాధారణం కాబట్టి కుప్పలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన గుప్పెళ్లతో ఇదే పరీక్ష చేయండి. కొంత పెద్ద రాయి అయితే గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టి, లోపలి తాజా ముఖం మీద వెనిగర్ చుక్కలు వేస్తే ఫలితం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వెనిగర్ బలహీనమైన ఆమ్లం కనుక డోలమైట్ వంటి కార్బొనేట్ రాళ్ల మీద బుడగలు కంటికి ఆనకపోవచ్చు. అలాంటి రాయిని కొంచెం పొడిచేసి ఆ పొడి మీద వెనిగర్ వేస్తే బుడగలు కనబడే అవకాశం ఎక్కువ. దీనికోసం మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆమ్లం వాడమని కొందరు చెబుతారు. ఆ ఆమ్లం కళ్లకూ ఊపిరితిత్తులకూ చేసే హాని దృష్ట్యా ఇంట్లో ఆ పరీక్ష చేయవలసిన అవసరం లేదని గట్టిగా చెబుతున్నాను. దానికి బదులుగా చాకుతో గీసి చూడండి. పాలరాయి, సున్నపురాయి చాకు మొనకు గీతపడతాయి. క్వార్ట్జ్ మీద గీత పడదు, పైగా దానితో గాజును గీయవచ్చు.

ఈ రెండూ దాటిన రాయికి చివరగా బకెట్ పరీక్ష పెట్టండి. రెండు శుభ్రమైన బకెట్లలో ఒకే కొళాయి నీరు పట్టి, ఒకదానిలో కడిగిన గులకను మూడో వంతు వరకు వేసి, రెండోదాన్ని ఉత్త నీటితోనే వదిలేయండి. కొళాయి నుంచి అప్పుడే పట్టిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువో తక్కువో ఉండి పీహెచ్ తప్పుగా చూపించవచ్చు కాబట్టి మొదటి కొలతను ఒక రోజు నిలవ ఉంచిన తరువాత తీయాలి. వారం తరువాత రెండు బకెట్ల పీహెచ్, జీహెచ్ (మొత్తం కాఠిన్యం), కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) కొలవండి. కేహెచ్ ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత. రెండు బకెట్ల మధ్య తేడా ఏమీ లేకపోతే నిశ్చింతగా వాడవచ్చు. గులక ఉన్న బకెట్‌లో కేహెచ్ రెండు మూడు డిగ్రీలు పెరిగిందంటే ఆ గులక మీ తొట్టెకు వద్దు. అదే నీటి మీద వేళ్లు ఆనించి చూడండి, జిడ్డు తగిలినా, ఉపరితలం మీద రంగురంగుల నూనె పొర మెరిసినా ఇక పరీక్షలు అనవసరం, ఆ రాళ్లను పారబోయడమే మంచిది.

ఇప్పుడు ఇల్లు కట్టే చోట ఉన్న కంకర విషయం. అది గ్రానైట్ కంకర అయితే రసాయనికంగా దోషం లేదు. అయినా మూడు కారణాల వల్ల వద్దంటున్నాను. మొదటిది, అది యంత్రంలో పగలగొట్టిన రాయి, దాని అంచులు చాకు అంచుల్లాగా ఉంటాయి. రెండవది, నిర్మాణ స్థలంలోని కుప్పలో సిమెంటు, సున్నం, మేకులు, ఇనుప తీగ ముక్కలు, రంగు పెచ్చులు, వాహనాల నూనె ఏవి కలిసినా ఆశ్చర్యం లేదు. సిమెంటు నీటి పీహెచ్‌ను పాలరాయి కంటే చాలా ఎక్కువగా పెంచుతుంది. మూడవది పరిమాణం. కాంక్రీటుకు వాడే కంకర గింజలు పెద్దవి కావడంతో వాటి మధ్య సందులు కూడా పెద్దవిగా ఉంటాయి. చేపలు తినగా మిగిలిన మేత ఆ సందుల్లోకి జారిపోతుంది. అక్కడ అది చేప నోటికి అందదు, మీ సైఫన్ గొట్టానికీ అందదు. కుళ్లి అమోనియాగా మారుతూ ఉంటుంది.

గింజ పరిమాణం గురించి ఇంకొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీరు కోరీడోరస్‌లు పెంచుతానన్నారు, ఈ ఒక్క చేప వల్ల మీ ఎంపిక మారిపోతుంది. సాధారణ అక్వేరియానికి 2 నుంచి 4 మిల్లీమీటర్ల నున్నని గులక చక్కగా సరిపోతుంది. మేత పైనే నిలుస్తుంది, నీరు సందుల్లో కదులుతుంది, సైఫన్‌తో శుభ్రం చేయడం సులువు. కానీ కోరీడోరస్ మేత వెతుక్కునే తీరు వేరు. అది మూతిని కళ్ల దాకా ఇసుకలోకి దించి, నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని మేతను ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల సందుల నుంచి వదిలేస్తుంది. సన్నని ఇసుక ఉన్న తొట్టెలో దగ్గరగా కూర్చుని చూస్తే ఆ చేప రెండు చెంపల వైపుల నుంచి ఇసుక సన్నని ధారగా జారడం కనిపిస్తుంది. గులక పరిస్తే ఆ చేప తన జీవితమంతా ఈ పని చేయలేక, రాళ్ల పై పైనే తడుముతూ ఉండిపోతుంది. వాడి అంచుల రాళ్ల మీద అలా తడిమితే దాని మూతి దగ్గరి మీసాలు ఒరుసుకుపోతాయి. అడుగు మురికిగా ఉన్నా, ఆ గాయాల్లో బాక్టీరియా చేరి మీసాలు అరిగి మొండిగా మారతాయి. అందువల్ల నున్నని ఇసుక ఎంత అవసరమో, ఆ ఇసుక శుభ్రంగా ఉండడం కూడా అంతే అవసరం.

కాబట్టి మీ తొట్టెకు నేను సూచించేది గులక కాదు, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు గింజ ఉన్న క్వార్ట్జ్ ఇసుక. నీటి శుద్ధి ఫిల్టర్లలోనూ ఈతకొలనుల ఫిల్టర్లలోనూ నింపడానికి జల్లించి, గింజ పరిమాణం వారీగా వేరు చేసి, పెద్ద సంచుల్లో అమ్మే ఇసుక ఇదే. దాన్ని ఫిల్టర్ ఇసుక అని, సిలికా ఇసుక అని పిలుస్తారు. నీటిని శుద్ధి చేసే పనికి తయారుచేసినది కనుక అందులో మట్టి తక్కువ, సున్నం ఉండకూడదు, గింజలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. అక్వేరియం పేరుతో అమ్మే చిన్న ప్యాకెట్లతో పోలిస్తే బరువు మీద దీని ధర సాధారణంగా ఎంతో తక్కువ పడుతుంది. కొనేటప్పుడు సంచి మీద గింజ పరిమాణం రాసి ఉందో లేదో చూడండి, రంగు గానీ రసాయన పూత గానీ లేనిదే అడగండి, ఒక గుప్పెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది చూడండి. గుచ్చుకుంటే పగలగొట్టి చేసిన ఇసుక, జారిపోతే గుండ్రని గింజ. ఇంటికి తెచ్చాక పై వెనిగర్ పరీక్ష దీనికీ తప్పక చేయండి, పేరును నమ్మి వదిలేయవద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక అత్యవసరం. లోహపు వస్తువుల మీది తుప్పు వదిలించడానికి ఒత్తిడితో చిమ్మే ఇసుక కూడా ఇలాంటి సంచుల్లోనే, నల్లగా మెరుస్తూ, చవకగా దొరుకుతుంది. చేపల రంగులు నల్లని అడుగు మీద బాగా కనిపిస్తాయన్న ఆశతో దాన్ని వేసేవారు ఉన్నారు. ఆ నల్లని పొడి రాగి శుద్ధిలో మిగిలిన చిట్టెం కావచ్చు. రాగి చేపలకు ప్రమాదకరం, రొయ్యలకూ నత్తలకూ అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. పైగా దాని గింజలు కొట్టే పనికోసం కావాలనే వాడిగా ఉంచుతారు. ఏ పనికోసం తయారైందో స్పష్టంగా తెలియని నల్లని ఇసుకను అక్వేరియంలో వేయకండి. ఇక సహజమైన నల్ల ఇసుక అయినా సరే ఒక అయస్కాంతాన్ని సంచిలో తిప్పి చూడండి. ఇనుప ఖనిజపు గింజలు అంటుకుంటే, అవి రేపు మీ పంపులోని అయస్కాంతానికి కూడా అంటుకుని దాన్ని పాడుచేస్తాయి.

సముద్రపు ఇసుక వద్దు, అందులో గవ్వల పొడి ఉంటుంది. వాగుల నుంచీ నదుల నుంచీ మీరే తవ్వి తెచ్చుకోవడాన్ని కూడా నేను ప్రోత్సహించను. చాలా చోట్ల దానికి అనుమతి అవసరం, అక్కడి అడుగు గులకలోనే ఎన్నో చేపలు గుడ్లు పెడతాయి, పై పొలాల నుంచి పురుగుమందులు ఆ ఇసుకలోకి దిగి ఉండవచ్చు.

రంగు విషయంలో మీ అభిరుచిదే తుది మాట, అయితే ఒక్క విషయం తెలుసుకుని నిర్ణయించుకోండి. చేపలు తమ చర్మంలోని రంగు కణాలను చుట్టూ ఉన్న వెలుతురును బట్టి సర్దుకుంటాయి. మెరిసే తెల్లని అడుగు మీద చాలా జాతులు పాలిపోతాయి, బెదురుగా కూడా ఉంటాయి. గోధుమ, బూడిద, లేత పసుపు వంటి సహజ వర్ణాల మీద రంగులు నిండుగా తేలుతాయి. ఫిల్టర్ ఇసుక మామూలుగా లేత గోధుమరంగులోనే వస్తుంది.

ఎంత కొనాలన్నది లెక్కతో తేలే విషయం. పొడవు, వెడల్పు, వేయదలచిన మందం మూడింటినీ సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. మీ తొట్టెకు 60, 30 కొలతల మీద 4 సెంటీమీటర్ల మందం వేస్తే 7.2 లీటర్లు. పొడి ఇసుక గానీ గులక గానీ లీటరుకు సుమారు ఒకటిన్నర కిలోలు తూగుతుంది కాబట్టి 11 కిలోలు కావాలి. కడగడంలో కొంత పోతుంది, వెనకవైపు కొంచెం ఎత్తుగా వాలు ఇవ్వాలి, అందుచేత 13 నుంచి 15 కిలోలు తీసుకుంటే చాలు. ఎక్కువ మందం వేస్తే ఎక్కువ మంచిదన్న అభిప్రాయం సన్నని ఇసుక విషయంలో తప్పు. ఇసుక గట్టిగా పేరుకుని లోపలికి ప్రాణవాయువు అందకపోతే, అక్కడ పెరిగే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. గాజు పక్క నుంచి నల్లని మచ్చలు, కదిపినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన దాని గుర్తులు. ముందువైపు 3 సెంటీమీటర్లు, మొక్కలు నాటే వెనకవైపు 5 సెంటీమీటర్లు మించకుండా చూసుకోండి. వారానికి ఒకసారి సన్నని పుల్లతో ఇసుకను మెల్లగా కదపండి. ఇసుకలో దూరి తిరిగే మలేషియన్ ట్రంపెట్ నత్తలు ఆ పనిని మీ బదులు చేసిపెడతాయి, కాకపోతే మేత ఎక్కువైతే వాటి సంఖ్య కూడా పెరిగిపోతుంది.

కడగడానికి ముందు సంచి విప్పేటప్పుడు ఇసుకను నీటితో తడపండి. పొడి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడం మనుషులకు మంచిది కాదు, ముఖ్యంగా పిల్లలను దూరంగా ఉంచండి. ఎప్పుడూ సబ్బు తగలని బకెట్ ఒకటి తీసుకుని, రెండు మూడు కిలోలకు మించకుండా ఇసుక వేసి, గొట్టాన్ని అడుగు దాకా దించి నీరు వదులుతూ చేత్తో కలియబెట్టండి. మురికి నీరు పైనుంచి పొర్లిపోతుంది, బరువైన గింజలు అడుగున ఉండిపోతాయి. కలపడం ఆపిన ఒక నిమిషానికి బకెట్ అడుగు స్పష్టంగా కనిపించే దాకా ఇలాగే చేయాలి. ఇది చాలా విసుగు పుట్టించే పని, అందుకే ఎక్కువమంది మధ్యలోనే వదిలేసి తరువాత వారాల తరబడి తొట్టె మసకబారిందని బాధపడతారు. ఒకేసారి మొత్తం కుమ్మరించి కడగాలనుకుంటే ఎంత నీరు పోసినా తేటపడదు, కొంచెం కొంచెంగా కడిగితేనే నీరూ సమయమూ రెండూ కలిసివస్తాయి. సబ్బు, డిటర్జెంట్, ఫినాయిల్ ఏ రూపంలోనూ తగలకూడదు. నాచు, నత్త గుడ్లు ఉన్నాయన్న అనుమానం ఉంటే కడిగిన ఇసుక మీద మరిగే నీరు పోసి, చల్లారాక మళ్లీ ఒకసారి కడిగితే చాలు. రాళ్లను మంట మీద గానీ ఓవెన్‌లో గానీ వేడిచేయడం మాత్రం ప్రమాదం. లోపల చిక్కుకున్న తేమ ఆవిరిగా మారి రాయి పగిలి ఎగిరిపడవచ్చు.

పరిచేటప్పుడు క్రమం ముఖ్యం. అలంకరణకు పెద్ద రాయి ఏదైనా పెట్టదలిస్తే, దాన్ని ముందుగా అడుగు గాజు మీద నేరుగా, లేదా పలుచని ఫోమ్ ముక్క మీద నిలబెట్టి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద నిలిపిన రాయి కింద చేపలు తవ్వితే అది ఒరిగి గాజుకు తగలవచ్చు. ఇసుక పరిచాక దాని మీద ఒక పళ్లెం బోర్లించి, నీటి ధార ఆ పళ్లెం మీద పడేలా నెమ్మదిగా నింపండి. మొదటి ఒకటి రెండు రోజులు నీరు కొంత మసకగా ఉండడం సహజం. ఫిల్టర్ నీరు పీల్చే భాగం ఇసుకకు కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, లేకపోతే ఇసుక లోపలికి పోయి పంపును అరగదీస్తుంది. ఇసుక కింద పలక పెట్టి నీటిని లాగే అండర్ గ్రావెల్ ఫిల్టర్ ఈ ఇసుకతో పనిచేయదు, దానికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల గులక ఉండాలి. మీకు స్పాంజి ఫిల్టర్ సరిపోతుంది. కొత్త తొట్టెలో కొన్ని వారాల తరువాత ఇసుక మీద గోధుమరంగు పొర కమ్మితే సిలికా ఇసుక వల్లనే వచ్చిందని అనుకుని తీసిపారేయకండి. అది డయాటమ్ నాచు, ఏ రాయి వేసిన కొత్త తొట్టెలోనైనా వచ్చేదే, తొట్టె కుదురుకున్నాక చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది.

మొక్కల విషయానికి వస్తే, క్వార్ట్జ్ ఇసుకలో పోషకాలు ఏమీ ఉండవు. ఇది లోపం కాదు, నీటిని మార్చని గుణానికి రెండో ముఖం. వేళ్ల ద్వారా ఆహారం తీసుకునే వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ వంటి మొక్కల పక్కన రెండు మూడు నెలలకొకసారి ఎరువు బిళ్లలను ఇసుకలో లోతుగా గుచ్చితే అవి బాగానే పెరుగుతాయి. జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలకైతే ఇసుకే అక్కర్లేదు, వాటిని కొయ్యకో రాయికో కట్టాలి. వాటి అడ్డంగా పాకే కాండాన్ని ఇసుకలో పూడిస్తే అది కుళ్లిపోతుంది.

ఇక పాత తొట్టెలోని నీలి రాళ్లు. మంచి పూత వేసిన రంగు రాయి నీటిలో నిలుస్తుంది, రంగు ఊడుతున్న రాయి మాత్రం ఆ పూతలో ఏముందో తెలియని రాయి. ఊడిన పెచ్చులను చేపలు మేత అనుకుని కొరుకుతాయి కూడా. కనుక వాటిని కొత్త తొట్టెలోకి తేవద్దు. అయితే ఒక జాగ్రత్త ఉంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాను నైట్రైట్‌గా, ఆ తరువాత నైట్రేట్‌గా మార్చే మేలుచేసే బాక్టీరియా ఆ రాళ్ల మీదా, పాత ఫిల్టర్ స్పాంజి మీదా అంటుకుని బతుకుతూ ఉంటుంది. రాళ్లను వదిలేస్తున్నారు కాబట్టి ఆ స్పాంజిని తప్పక కాపాడుకోవాలి. కొత్త తొట్టె నింపి, నీటిలోని క్లోరిన్‌ను తొలగించాక, గప్పీలను మార్చే రోజునే పాత ఫిల్టర్‌ను ఆరనివ్వకుండా, కొళాయి కింద కడగకుండా అలాగే తెచ్చి కొత్త ఫిల్టర్ పక్కన పెట్టి రెండింటినీ నడిపించండి. మొదటి రెండు వారాలు మేత తగ్గించి, రోజు విడిచి రోజు అమోనియా, నైట్రైట్ కొలవండి. ఏది కనిపించినా ఆ రోజే పావు వంతు నుంచి మూడో వంతు వరకు నీరు మార్చండి. ఆరు వారాల వరకు పాత స్పాంజిని తీయవద్దు. రెండు కొలతలూ వరుసగా రెండు వారాల పాటు సున్నా దగ్గరే నిలిచాక కోరీడోరస్‌లను, అవి కుదురుకున్నాక మరికొన్ని వారాలకు నియాన్‌లను తెచ్చుకోండి.